సూనృతం: మూడు విలువలు కలిసే మాట

సత్యం, శివం, సుందరం అనే మూడు మాటలు తెలుగువారి నోట ఎంతగా నానిపోయాయంటే, అవి ఏ వేదంలోనో ఉపనిషత్తులోనో ఇదే వరుసలో ఉండి ఉంటాయని చాలామంది నమ్ముతారు. దూరదర్శన్ ఆదర్శవాక్యంగా స్వీకరించినది ఈ మూడు మాటలనే. భారతీయ దర్శనాల సారమంటూ సభల్లో వక్తలు ఉదాహరించేదీ వీటినే. అయితే ఈశావాస్యం మొదలుకొని బృహదారణ్యకం వరకు ఉన్న పది ప్రధానోపనిషత్తుల్లో ఎక్కడా ఇవి ఇలా జట్టుగా కనిపించవు. 19వ శతాబ్దపు బెంగాల్‌లో, బ్రహ్మసమాజం వారు ఒకవైపు ఉపనిషత్తులను కొత్త కళ్లతో చదువుకుంటూ మరొకవైపు ఐరోపా తత్త్వచింతనతో పరిచయం పెంచుకుంటున్న కాలంలో ఈ త్రయం ప్రచారంలోకి వచ్చిందని, సత్యం, సౌందర్యం, శ్రేయస్సు అనే మూడింటినీ పేరులోనే నిలిపి ఫ్రెంచి తత్త్వవేత్త విక్టర్ కూజాన్ 1853లో ప్రచురించిన గ్రంథపు ఛాయ దానిపై ఉందని పరిశోధకులు భావిస్తారు. ఈ సంగతి తెలిసి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. జట్టు కొత్తదే అయినా అందులోని ప్రతి మాటా పాతదే. పైగా ఆ మూడింటికీ ఉన్న సంబంధాన్ని హిందూ తత్త్వచింతన తనదైన దారిలో, తనదైన పేర్లతో, అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తరచి చూసింది. ఆ దారి ఎక్కువగా మనిషి నోటి మాట మీదుగా సాగడమే అందులోని విశేషం.

సత్యం అనే పదానికి మూలం ‘సత్’. సత్ అంటే ఉన్నది. కాబట్టి సత్యమనే మాట మొదట సూచించేది వస్తువు ఉనికినే. వాక్యం సత్యమయ్యేది ఆ ఉనికిని ఉన్నట్టుగా పట్టుకున్నప్పుడు మాత్రమే. తెలుగు పలుకుబడిలోనూ ఈ భావం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది: నిజం చెప్పడాన్ని ‘ఉన్నది ఉన్నట్టు చెప్పడం’ అంటారు, నిజాన్ని ‘ఉన్న మాట’ అంటారు, ఉన్న మాటంటే ఉలుకెక్కువ అని సామెత కూడా చెబుతారు. బృహదారణ్యకోపనిషత్తు సత్యం అనే పదాన్ని స, తి, యం అని మూడుగా విడదీసి, మొదటి అక్షరమూ చివరి అక్షరమూ సత్యమని, నడుమ ఉన్నది అనృతమని, అనృతం ఇరువైపులా సత్యం చేత పట్టుబడి ఉన్నందువల్ల మొత్తం మీద సత్యమే పైచేయిగా ఉంటుందని వివరించింది. వ్యాకరణరీత్యా ఇది వ్యుత్పత్తి అనిపించుకోకపోవచ్చు గాని, అందులోని చూపు లోతైనది. అబద్ధానికి సొంత కాళ్లు లేవు. ఎవరైనా దాన్ని నమ్మాలంటే అది ముందూ వెనుకా నిజాన్ని తోడు తెచ్చుకోవలసిందే.

శాస్త్రకారులు ఈ భావానికి నిర్వచనాలు కట్టారు. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, అంటే తర్కశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థి నేటికీ మొదట చదివే పుస్తకం, ఒక వస్తువులో ఏ ధర్మం ఉందో ఆ ధర్మంతోనే దాన్ని గ్రహించడం యథార్థజ్ఞానమని చెబుతుంది. అద్వైతులు మరో కొలబద్దను ముందుకు తెచ్చారు: తరువాతి జ్ఞానం చేత కొట్టివేయబడనిదే సత్యం. ఇలా కొట్టివేయబడటానికి వారు పెట్టిన పేరు ‘బాధ’; అది లేనిది ‘అబాధితం’. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకున్నవాడు దగ్గరికి వెళ్లగానే ఆ వెండి బాధితమవుతుంది, చిప్ప నిలుస్తుంది. బ్రహ్మజ్ఞానం కలిగినప్పుడు చిప్పతో కూడిన ఈ లోకమంతా బాధితమై, ఎన్నడూ బాధకు లోనుకానిది ఒక్కటే మిగులుతుందని వారి సిద్ధాంతం. తార్కికుల కొలతకైనా అద్వైతుల కొలతకైనా ఒక పోలిక ఉంది: ఆ సత్యం ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో అవి అడగవు. జ్ఞానాన్ని నిర్వచించేటప్పుడు అలా అడగకపోవడమే న్యాయం. అయితే మనిషి తెలుసుకోవడంతో ఆగడు. తెలిసినదాన్ని నోరు తెరిచి మరొకరికి చెబుతాడు. చిక్కు అక్కడ మొదలవుతుంది.

శివమంటే మంగళం, శుభం. మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తులకు అతీతమైన తురీయాన్ని, అంటే నాలుగవ స్థితిని, శాంతమని, శివమని, అద్వైతమని వర్ణించింది. కఠోపనిషత్తులో యముడు ఇస్తానన్న ఏనుగులనూ గుర్రాలనూ బంగారాన్నీ దీర్ఘాయువునూ నచికేతుడు కాదన్నప్పుడు, మనిషికి మేలు చేసే శ్రేయస్సు వేరు, ఇంపు గొలిపే ప్రేయస్సు వేరు అన్న భేదం స్థిరపడింది. ఈ భేదం ప్రసిద్ధమే. అంతకంటె కష్టమైనది సత్యానికీ శ్రేయస్సుకూ పొత్తు కుదరని ఘట్టం; దానికి మహాభారతమే ఉదాహరణ ఇచ్చింది.

కర్ణపర్వంలో, గాండీవాన్ని వేరొకరికి ఇచ్చివేయమన్నవాడిని చంపుతానని పట్టిన వ్రతం కోసం అర్జునుడు, ఆ మాట అన్న అన్నగారు ధర్మరాజుపైనే కత్తి దూసినప్పుడు, కృష్ణుడు కౌశికుడనే బ్రాహ్మణుడి కథ చెబుతాడు. ఎల్లప్పుడూ సత్యమే పలుకుతానని వ్రతం పట్టిన ఆ కౌశికుడు ఊరి బయట, నదులు కలిసే చోట కాపురముండేవాడు. దొంగలు తరుముతుంటే కొందరు ప్రాణభయంతో అక్కడి చెట్లపొదల్లో దాగారు. దొంగలు వచ్చి, సత్యవాదివి గనుక చెప్పు, వాళ్లెటు పోయారని అడిగారు. కౌశికుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దొంగలు వాళ్లను పట్టి చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు. అతడి వాక్యంలో తార్కికుడు వెదికినా దోషం దొరకదు, ఎందుకంటే మనుషులు ఆ పొదల్లోనే ఉన్నారు. కథ అతడిని అబద్ధీకుడని నిందించలేదు. ధర్మసూక్ష్మం తెలియనివాడని మాత్రమే అన్నది. వ్రతం తనకు తెచ్చే పుణ్యం మీద చూపు నిలిపినవాడికి, తన వాక్యం వెళ్లి తాకే మనుషులు కనిపించలేదన్నమాట.

ఈ కథను అడ్డుపెట్టుకుని అవసరానికో అబద్ధం ఆడవచ్చుననుకునేవారికి యోగసూత్రాలపై వ్యాసభాష్యం దారి మూసివేసింది. మనసులో ఉన్నదీ మాటలో ఉన్నదీ వస్తుస్థితికి సరిపోవడమే సత్యమని చెప్పి, ఆ మాట వంచించేది గాని, భ్రాంతితో కూడినది గాని, వినేవాడికి బోధపడని గొడ్డు మాట గాని కాకూడదని, సమస్త ప్రాణులకు ఉపకారం చేయడానికే ప్రవర్తించాలని, ప్రాణులకు హాని చేసేదైతే అది సత్యం అనిపించుకోదని ఆ భాష్యం తీర్పు చెప్పింది. దీనికి టీక వ్రాసిన వాచస్పతి మిశ్రుడు వంచనకు చూపిన ఉదాహరణ, ద్రోణుడితో ధర్మరాజు పలికిన అశ్వత్థామ మరణవార్త. అశ్వత్థామ అనే ఏనుగును మనసులో పెట్టుకుని పలికినందువల్ల ఆ మాట అక్షరాలా నిజమే. వినే తండ్రి కొడుకునే తలచుకుంటాడని తెలిసి పలికినందువల్ల అది సత్యం కాలేదు. నేలను తాకకుండా నాలుగంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ మాటతోనే నేలకు దిగిందని భారతం చెప్పడంలోని ధర్మదృష్టి ఇదే. కౌశికుడూ ధర్మరాజూ ఎదురెదురు దిక్కుల నుంచి ఒకే తప్పు చేశారనిపిస్తుంది: ఇద్దరూ అక్షరాలను కాపాడుకున్నారు, ఎదుటి మనిషిని పోగొట్టుకున్నారు.

ఈ నేపథ్యంలో భగవద్గీత పదిహేడవ అధ్యాయాన్ని చదివితే హిందూ చింతన తనకై తాను కూర్చుకున్న త్రయం కనిపిస్తుంది. ఉద్వేగం కలిగించకుండా, సత్యంగా, ప్రియంగా, హితంగా ఉండే మాటను గీత వాఙ్మయ తపస్సు, అంటే మాటతో చేసే తపస్సు, అన్నది. ఈ గుణాల్లో ఏ ఒక్కటి లోపించినా అది తపస్సు కాదని భాష్యంలో శంకరులు పట్టుబట్టారు. సత్యమై ప్రియం కాని మాట చాలదు. ప్రియమై హితం కాని మాట అసలే చాలదు. అన్నీ కుదిరిన మాటకు ఆయన ఏ మహావాక్యాన్నీ ఉదాహరించకపోవడం మనసును పట్టుకుంటుంది. శాంతంగా ఉండమని, చదువూ యోగమూ సాగించమని, అలా చేస్తే మేలు కలుగుతుందని ఒక పెద్దవాడు పిల్లవాణ్ణి ‘వత్సా’ అని పిలిచి చెప్పే రోజువారీ మాటే ఆయన చూపిన ఉదాహరణ. అద్వైతాచార్యుడు తపస్సును నట్టింట్లో కూర్చోబెట్టిన ఘట్టమిది.

ప్రియం, సుందరం ఒకటేనా అన్న సందేహం ఇక్కడ తప్పక వస్తుంది. చెవికి ఇంపైన ప్రతి మాటా సుందరమే అయితే ముఖస్తుతి చేసేవాడు మహాకవి కావలసి ఉంటుంది. ఈ చిక్కును తేటగా విడదీసినవాడు జగన్నాథ పండితరాయలు. గోదావరి సీమలోని ముంగండకు చెందిన తెలుగు వంశంలో పుట్టి, 17వ శతాబ్దంలో షాజహాన్ కొలువులో పండితరాజ బిరుదు పొందిన ఆయన, రమణీయమైన అర్థాన్ని అందించే శబ్దమే కావ్యమని రసగంగాధరంలో నిర్వచించాడు. దేన్ని తెలుసుకుంటే లోకోత్తరమైన ఆహ్లాదం పుడుతుందో అదే ఆయన దృష్టిలో రమణీయం. లోకోత్తరం అన్న విశేషణం ఎందుకంటే, కొడుకు పుట్టాడన్న కబురు విన్నా, ధనమిస్తానన్న మాట విన్నా సంతోషం కలుగుతుంది గాని, ఆ సంతోషానికి కారణం కొడుకూ ధనమూ ‘నావి’ కావడమే. కావ్యం ఇచ్చే ఆహ్లాదానికి ఆ ‘నాది’ అనే ముడి ఉండదు.

ముడి లేని ఆనందం ఎక్కడి నుంచి వస్తుంది? పూర్వ ఆలంకారికుల, ముఖ్యంగా అభినవగుప్తుని, మార్గాన్ని అనుసరిస్తూ జగన్నాథుడు ఇచ్చిన ఉపమానం ఏ వంటింట్లోనైనా చూడదగినది. వెలుగుతున్న దీపం మీద మూకుడు బోర్లిస్తే వెలుగు పోదు, కప్పబడుతుంది. మూకుడు తీయగానే దీపం చుట్టూ ఉన్న వస్తువులనూ చూపిస్తుంది, తానూ కనిపిస్తుంది. అలాగే ఆత్మచైతన్యం మీది ఆవరణ కావ్యానుభవంలో తొలగినప్పుడు, ఆ వెలుగులో రతి, శోకం వంటి భావాలు ప్రకాశిస్తాయి, వాటితోపాటు చైతన్యమూ ప్రకాశిస్తుంది, అదే రసం. ఈ దృష్టితో చూస్తే అందం వస్తువుకు పూసిన రంగు కాదు, చూసేవాడి కల్పన కూడా కాదు. సత్ స్వరూపమైన ఆత్మ, అంటే ఉపనిషత్తులు సత్యమన్నదే, కాసేపు కప్పు లేకుండా వెలగడం అందమనిపించుకుంటుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనుకు తెలుగు ఊళ్లలో జనం రాత్రంతా మేలుకుని కూర్చుని, ఆ సీనులో పాడే జాషువా పద్యాలు వినపడగానే కన్నీళ్లు పెట్టుకుంటూనే మళ్లీ పాడమని కేకలు వేయడం వెనుక ఉన్నది ఈ అనుభవమే. కన్నకొడుకు శవం ముందు తల్లిని సుంకం అడిగే కాటికాపరి దుఃఖం, సొంత ఇంట్లో జరిగితే ఎవరూ రెండోసారి కోరుకునేది కాదు. రంగస్థలం మీద అది ఎవరిదీ కాక అందరిదై, సత్యం మనిషి చేత ఎంత ధర కట్టించుకోగలదో చూపిస్తుంది. ప్రియం కాని సత్యం అక్కడ అబద్ధమాడకుండానే ఆస్వాద్యమవుతున్నది. శాస్త్రం పూర్తిగా విప్పలేని ముడిని కళ విప్పే చోటు అది.

సత్యమూ ప్రియమూ కలిసిన మాటకు సంస్కృతంలో ఒక ప్రత్యేక పదం ఉంది: సూనృతం. ప్రియమైన సత్యవాక్యానికే అమరకోశం ఈ పేరు పెట్టింది. తెలుగులో ఈ పదాన్ని చిరస్మరణీయం చేసినవాడు 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో భారతాన్ని తెనిగించిన నన్నయ. శకుంతల దుష్యంతుని సభలో కొడుకుతో నిలబడి చెప్పే పద్యంలో, నూరు నూతుల కంటె ఒక బావి, నూరు బావుల కంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటె ఒక సూనృత వాక్యం మేలని ఆమె వరుస పేరుస్తుంది. మొదటి మెట్టు నీళ్లు. దప్పిగొన్నవాడికి నీరందించే మేలుతో మొదలై ఆ వరుస మాట దగ్గర ముగుస్తుంది. సత్యవాక్యం లోకోపకారాల్లో ఒకటిగా, అన్నిటికీ పైనిదిగా లెక్కకు వస్తుంది. సంస్కృత మూలంలో ఈ చివరి మెట్టు మీద ఉన్న పదం సత్యం. నన్నయ దాన్ని సూనృత వాక్యం చేశాడు. ‘సుత’ అని మొదలైన పాదానికి యతి కుదరడానికి ఆ పదం అవసరమైందని ఛందస్సు తెలిసినవారు అనవచ్చు, అందులో నిజముంది. అయితే యతి అవసరం లేని మొదటి పాదం చివరలోనే శకుంతల రాజును సూనృతవ్రతా అని పిలుస్తుంది. ఆ పదం కవి మనసులో ముందే ఉందనడానికి ఆ పిలుపు చాలు.

ఆ పిలుపు పడిన సందర్భం గమనించదగినది. కాళిదాసు నాటకంలోని శాపమూ ఉంగరమూ భారత కథలో లేవు. దుష్యంతుడికి అన్నీ జ్ఞాపకమున్నాయి. లోకం ఏమంటుందోనన్న జంకుతో, ఎరిగి ఎరిగి, ఎరుగనంటున్నాడు. అబద్ధమాడుతున్న భర్తను ఆమె అబద్ధీకుడా అని పిలవవచ్చు, అది ఉన్న మాటే. ఆమె అతడిని అతడు ఉండవలసిన పేరుతో పిలిచింది. ఆమె చెప్పినది సత్యం. రాజుకూ బిడ్డకూ రాజ్యానికీ హితం. వెయ్యేళ్లుగా తెలుగువారు నోటికి పట్టి నిలుపుకున్నంత సుందరం. అయినా దుష్యంతుడు ఒప్పుకోలేదు. తానెవరో ఆమె ఎవరో అన్నట్టు మాట్లాడి పంపివేయబోయాడు. ఆమె కన్నీళ్లతో వెనుదిరగబోతున్నప్పుడు, వీడు నీ కొడుకే, ఈ సాధ్వి పలికినది నిజమేనని సభ అంతా వినేలా ఆకాశవాణి చెప్పింది. అప్పుడు రాజు బిడ్డను దగ్గరికి తీసుకున్నాడు. జగన్నాథుడి ఉపమానంలోని మూకుడు ఆనాడు దుష్యంతుడి చేతిలోనే ఉంది. ఆకాశవాణి పలికినది శకుంతల అప్పటికే పలికిన మాటనే.