నీరు కొదువైన ధనిక పట్టణము

ధ్యాన భాగము: ప్రకటన గ్రంథము 3:14–22, కొలొస్సయులకు 4:12–16



కుందుర్పి కొండమీద పాలెగాండ్ర కాలపు కోట గోడలు నేటికిని నిలిచియున్నవి. క్రింది చేలలో వేరుశనగ కలుపు తీయుచు నడుము ఎత్తిన వారికి అవి కనబడును. కట్టించినవారు పోయిరి, రాళ్లు మిగిలెను. ఈ మాసము మనము ధ్యానింపబోవు ఊరును ఇట్టిదే. అయితే అది చాల దూరమున, తుర్కియ దేశములో, దెనిజ్లి అను పట్టణము చెంత నున్నది. దాని పేరు లవొదికయ. ఏడు సంఘములకు ప్రభువు వ్రాయించిన ఉత్తరములలో కడపటిది ఈ ఊరి సంఘమునకే వచ్చెను. ఒక్క మెచ్చుకోలు మాటయైనను లేని ఉత్తరమది.

క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దములో అంతియొకు అను గ్రీకు రాజు తన భార్యయైన లవొదికె పేరట ఈ పట్టణమును స్థాపించెను. పిమ్మట ఆమెను విడిచిపెట్టెను గాని పేరు మాత్రము ఊరికి నిలిచిపోయెను. రోమీయుల కాలమున అది బహుగా ధనము గడించెను. క్రీ.శ. 60లో భూకంపము వచ్చి కూలినప్పుడు, రోము నగరపు సాయము లేకయే తన సొమ్ముతో తాను తిరిగి లేచెనని తాసితు అను చరిత్రకారుడు వ్రాసెను. 79లో ఒక ధనికుడు గొప్ప పందెపు మైదానమును కట్టించి ఊరికిచ్చెను. కొండ వాలున తొలిచిన నాటకశాలలు రెండు, స్నానశాలలు, రాతి పలకలు పరచిన వీధులు, వీధుల ప్రక్కల స్తంభముల వరుసలు. వీటినన్నిటిని 2003 నుండి పాముక్కలె విశ్వవిద్యాలయమువారు త్రవ్వి వెలికి తీయుచున్నారు. ఇట్టి ఊరిలో పుట్టి పెరిగినవారు తమకు ఇక ఎవరి సాయమును అక్కరలేదని తలంచిన ఆశ్చర్యమేమున్నది?

అయినను ఆ ఊరికి ఒకటి కొదువగా ఉండెను. అది నీళ్లు.

పట్టణము మిట్టమీద కట్టబడినది. త్రాగు నీరు దక్షిణమున కొన్ని కిలోమీటర్ల దూరముననున్న ఊటల నుండి రావలెను. ఆ దినములలో యంత్రము లేదు, కరెంటు లేదు. కాబట్టి రాతి దిమ్మెలను నడుమ తొలిచి, ఒకదాని నోరు మరియొకదానిలో ఇమిడ్చి, పొడుగుపాటి గొట్టముగా చేసిరి. పల్లములోనికి దిగిన నీరు తన బరువుచేతనే ఎదుటి మిట్టకెక్కి ఒక నీటి గోపురమును చేరును. అక్కడనుండి మట్టి గొట్టముల ద్వారా ఇండ్లకును స్నానశాలలకును పంచబడును. మన సీమవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వాన పడు జిల్లా మనది. పెన్న అహోబిలము జలాశయము నుండి కళ్యాణదుర్గము, మడకశిర, హిందూపురము వైపు పల్లెలకు గొట్టముల నీరు రావలసియున్నది. ఎక్కడనో ఒకచోట గొట్టము పగిలినయెడల ఇక్కడ బిందెలు ఎన్ని దినములు వరుసలో కూర్చుండునో మన స్త్రీలనడిగిన చెప్పుదురు.

ఆ రాతి గొట్టములు నేటికిని లవొదికయలో పడియున్నవి. లోపల చూచిన, పొరమీద పొరగా తెల్లని సున్నము పేరుకొనియుండును. కొన్నిటిలో నీరు పారు దారి బహుగా ఇరుకైపోయెను. బోరు నీరు కాచిన గిన్నె అడుగున మనవారు గీకి తీయు తెల్లని పెచ్చు వంటిదే ఇదియు. ఎవరును దానిని తెచ్చి అందులో పోయలేదు. నీటితోకూడ కంటికి కనబడకుండ వచ్చి, దినదినమును కొంచెము కొంచెముగా అంటుకొనెను. గొట్టములకు అక్కడక్కడ రంధ్రములు పెట్టి రాతి బిరడాలతో మూసిరి. వాటిని తెరచి సున్నమును తీయుటకే అట్లు చేసిరని పండితులు తలంచుచున్నారు. సున్నము పట్టిన గొట్టము బయటనుండి చూచుటకు క్రొత్తదానివలెనే ఉండును.

2015లో మరియొక సంగతి లోకమునకు తెలియవచ్చెను. ఆ శిథిలములలో ఒక చలువరాతి పలక దొరికెను. దానిమీద నీటిని గూర్చిన చట్టము చెక్కబడియున్నది. అది 114లో, అనగా ప్రకటన గ్రంథము వ్రాయబడిన ఇంచుమించు ఇరువది సంవత్సరములకు, ఆసియా రాష్ట్రాధిపతి ఆజ్ఞతో వేయించినది. ఊరి నీటిని పాడుచేసినవారికిని, గొట్టములను పగులగొట్టినవారికిని, ముద్రవేసిన గొట్టములను తెరచినవారికిని 5,000 నుండి 12,500 దేనారముల వరకు జరిమానా. ద్రాక్షతోట కూలివారి ఉపమానములో ఒక దేనారము ఒక దినపు కూలి యని మీకు తెలియును. ఆ లెక్కను 5,000 దేనారములనగా ఒక కూలివాడు పదమూడు సంవత్సరములకు పైగా ఒక దినమైన మానక పనిచేసినగాని తీరని అప్పు. చట్టము ఇంత కఠినముగా చేయవలసివచ్చెననగా, ఆ గొప్ప ఊరిలో నీళ్లను దొంగిలించువారు ఎంతమంది యుండిరో! బంగారము సమృద్ధిగా నున్న వీధులలోనే పొరుగువాని నీటిని తమ వైపు త్రిప్పుకొనిరి.

ఇప్పుడు ప్రభువు మాట వినుడి. ఉత్తరమున లోయ కావల హియెరాపొలి కలదు. అచ్చట వేడి ఊటలు తెల్లని కొండ అంచులమీదుగా నేటికిని పారుచున్నవి. రోగులు స్నానము చేయుటకు ఆనాడు దూరమునుండి వచ్చెడివారు. ఆగ్నేయ దిక్కున కొలొస్సయి కలదు. అక్కడ కొండనుండి దిగు చల్లని యేరు. వేడి నీరు నొప్పిని తీర్చును, చల్లని నీరు దప్పి తీర్చును. చల్లదనమనగా అవిశ్వాసమని కొందరు బోధకులు చెప్పుదురు గాని, మనము అవిశ్వాసులము కావలెనని ప్రభువు కోరునా? అట్లు నాకు తోచదు. రెండింటిలో దేనివలననైనను ఒక మనిషికి మేలు కలుగవలెనని ఆయన కోరిక. నులివెచ్చని నీరు ఎవరికిని పనికిరాలేదు. అదే ఆయన దుఃఖము.

ఆ ఊరివారి గర్వకారణములనే ఎత్తి ఆయన వారితో మాటలాడెను. వారు సాహుకార్లు, తన యొద్ద బంగారము కొనుమనెను. ఆ సీమ గొర్రెల నల్లని మెత్తని బొచ్చు ప్రసిద్ధమని స్ట్రాబో వ్రాసెను. మన కురుబ సహోదరులు నేయు నల్ల కంబళిని చూచినవారికి ఆ సొగసు తెలియును. అట్టి వారికి ఆయన తెల్లని వస్త్రములను చూపెను. కండ్ల మందునకు పేరుపొందిన ఆ సీమవారికి కాటుక పెట్టుకొనుమని చెప్పెను.

ప్రియులారా, మన సంఘముల సంగతి ఏమి? మందిరమునకు క్రొత్త గచ్చు వేసితిమి, మైకు సెట్టు తెచ్చితిమి, పండుగకు రంగు కొట్టించితిమి. ఇవి తప్పు కావు. అయితే ఒకరి పొలమున బోరులో నీరు పడినది, ప్రక్కవానిది ఎండినది. ఆదివారమున ఇద్దరును ఒకే చాపమీద కూర్చుండి ఒకే పాత్రలో నుండి ప్రభువు బల్లలో పాలుపొందుదురు. సోమవారమున ఒకని చెట్లు పచ్చగాను మరియొకని చెట్లు మాడియు నుండును, ఇద్దరి నడుమ మాటలేదు. నాలుగు బోర్లు వేయించి, నాలుగింటను దుమ్మే లేచి, అప్పుతో మిగిలిన విశ్వాసి యొద్ద సాటి విశ్వాసియే నూటికి మూడు రూపాయల వడ్డీ పట్టుచున్నాడు. ఒక కుటుంబము పిల్లలతో బెంగుళూరు పనులకు వలస పోవును. ఇంటికి తాళము పడిన మూడవ ఆదివారమునకు గాని సంఘమునకు ఆ సంగతి తెలియదు. ఆ మూడు ఆదివారములును మనము కీర్తనలు పాడితిమి, కానుక పట్టితిమి, ఆశీర్వాదము పొంది ఇండ్లకు పోతిమి. గొట్టము బయటకు బాగుగనే యున్నది.

ఈ ఉత్తరములో ప్రభువు ఎక్కడ నిలువబడియున్నాడో గమనించుడి. ఆయన వాకిట నున్నాడు. తన స్వంత సంఘపు తలుపును పరాయివానివలె తట్టుచున్నాడు, భోజనమునకు పిలుతురేమోయని ఎదురుచూచుచున్నాడు. మన పల్లెలలో మధ్యాహ్నపు టెండలో తలుపు తట్టువాడెవడు? గుక్కెడు నీళ్లకు వచ్చినవాడు, అప్పు గడువు అడుగ వచ్చినవాడు, బియ్యము బదులడుగ వచ్చిన విధవరాలు. ఈ వారములో అట్టివారు వచ్చినయెడల లోపలనుండి ఎట్టి జవాబు వచ్చునో ఇంటి యజమానులు ఇప్పుడే తమ భార్యలతో కూర్చుండి మాటలాడుకొనుడి. బోరు గలవారు వారమునకు ఎన్ని తడులు ప్రక్కవానికి విడువగలరో సంఘ పెద్దల యెదుట చెప్పుడి. వలసపోయినవారి పేర్లు వ్రాసి, వారి ముసలివారిని ఎవరు చూచుచున్నారో కనుగొనుడి. ఎపఫ్రా కొలొస్సయివాడైనను లవొదికయవారి కొరకును హియెరాపొలివారి కొరకును ప్రయాసపడెనని పౌలు సాక్ష్యమిచ్చెను గదా.

లవొదికయ సంఘము నుంఫా యింటిలో కూడుకొనిన దినములలో దానికి మందిరము లేదు. ఇంత గద్దింపు పొందినను ఆ సంఘము పోలేదు. 2010లో త్రవ్వకపు పండితులు నేలలోనికి చూచు రేడారు యంత్రముతో వెదకి, 4వ శతాబ్దపు గొప్ప ఆరాధన మందిరమును ఆ శిథిలములలో కనుగొనిరి. మెట్లు దిగి నీటిలోనికి పోవు బాప్తిస్మపు తొట్టియు దానిలో ఉన్నది. ఉత్తరము అందిన రెండు వందల సంవత్సరముల తరువాతను అక్కడ తలుపు తీసినవారుండిరి.

7వ శతాబ్దపు ఆరంభమున మరల భూకంపము వచ్చెను. ఈసారి ఊరు లేవలేదు. జనులు నాటకశాలలను, స్తంభముల వీధులను, సున్నము పట్టిన గొట్టములను అక్కడనే విడిచి, దక్షిణముగా నడిచి, ఊటలున్న కొండ ప్రక్కలకు కాపురము మార్చుకొనిరి.