వాకిటి ముందరి నేల ఎవరిది?

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఇంటికీ వీధికీ నడుమనున్న పచ్చిక ఇప్స్‌విచ్ నగరపాలక సంస్థ పరిధిలోని వీధి భాగమే. కత్తిరించి కాపాడేవారు మాత్రం ఆ ఇంటివారు. కుక్కతో నడిచే మనం, ఆ నేల వారిది కాదు కదా అనుకోవచ్చునా?

తెలుగు ఊళ్ళలో వాకిటి ముందరి వీధి కూడా ఇంటివారిది కాదు. అయినా అక్కడి ముగ్గును తొక్కకుండా పక్కకు తప్పుకొని నడుస్తాము. నేల ఊరిదైనా శ్రమ ఆ ఇంటిది.

కుక్క మలాన్ని తీసివేయమని ఇక్కడి చట్టం చెబుతుంది. మూత్రానికి మాడిన గడ్డిని ఏ సంచీలోకీ ఎత్తలేము. అక్కడ మన సంస్కారమే కాపలా. స్వర్గద్వారం వద్ద కూడా తన వెంట వచ్చిన కుక్కను విడువని ధర్మరాజు కథను పిల్లలకు చెబుతాము. వెంట తెచ్చుకున్న ప్రాణి చేసే పనులకూ మనమే బాధ్యులం. పొరుగువారి పచ్చిక రాగానే గొలుసును కురచగా పట్టుకొని నడిస్తే, ఆ మాట పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.