ఓర్చుకోని గంగమ్మ

ఆడదాన్ని మెచ్చుకోవాలంటే 'భూదేవంత ఓర్పు' అంటారు. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. తవ్వినా నరికినా భరించమనేగా! శేషాచలాన్ని ఆదిశేషుడి శరీరమని నమ్మి చెప్పుల్లేకుండా ఎక్కుతాం. ఆ శరీరం మీది ఎర్రచందనం మాత్రం గొడ్డలిపాలవుతూనే ఉంది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పులకు తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. కొండ పవిత్రత చెట్టునీ కాపాడలేదు, మనిషినీ కాపాడలేదు.

ఆ కొండ కిందే, తిరుపతిలో, తాతయ్యగుంట గంగమ్మ ఉంది. ఈమె ఓర్చుకునే రకం కాదు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాణ్ణి వెతికి పట్టుకుని తల నరికిందని కథ. మే నెల జాతరలో మగవాళ్ళు చీరకట్టి, పూలు ముడుచుకుని ఆమె ముందుకొస్తారు (మిగతా ఏడాదంతా ఆ వినయం ఎక్కడుంటుందో అడక్కండి). ఆడవాళ్ళం అంబలి పోసి, వేపాకు పెట్టి ఆమె వేడి చల్లారుస్తాం. జాతర ముగింపులో గుడి ముందు బంకమట్టితో అమ్మవారి ముఖం చేసి, తెల్లవారేసరికి పెళ్ళగిస్తారు. ఆ మట్టిపెళ్ళల కోసం జనం ఎగబడతారు.

ప్రకృతిని తల్లి అనడం తేలికే. ఆ తల్లికి కోపముందని, ఆమె ఇష్టం మన ఇష్టం కాకపోవచ్చని ఒప్పుకునే భయం నాకు భక్తికన్నా విలువైనదిగా తోస్తుంది. మా వీధిలో పొద్దుగూకాక వేపాకు కోయనివ్వరు. చెట్టు నిద్రపోతుందట.