గోడకి ఇవతల

ఊరు మారితే కులం పోతుందా అని మనవాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నారు. పోదని పట్నం పోయినవాళ్ళు చెప్పారు, సముద్రాలు దాటినవాళ్ళూ చెప్పారు. నేనడిగేది ఇంకో ప్రశ్న. మనల్ని దూరంగా పెట్టిన ఊరులాంటిదే మరొకటి, ఎక్కడో, మనకి చోటిచ్చిందనుకోండి. అప్పుడు మనం ఎవరి పక్కన నిలబడాలి? కష్టపడి చదివాం, అప్పుచేసి ఇల్లు కొన్నాం, లోపలికొచ్చాం. ఇక తలుపేసుకుంటే తప్పేంటి? ఈ మాట నాతో అన్నవాళ్ళలో పైకులాలవాళ్ళే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. అందుకే రాయాల్సొచ్చింది.

నేనుండేది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో. శాన్‌ఫ్రాన్సిస్కోకి నలభై మైళ్ళు. 1956లో అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఈ నగరమయింది. 2020 జనాభా లెక్కల్లో రెండు లక్షల ముప్పై వేలమంది, అందులో సగానికిపైగా ఆసియా మూలాలవాళ్ళు. తెలుగు మాట వినపడని కూరగాయల కొట్టు లేదు. మంచి బడున్న వైపు సొంతిల్లు కావాలంటే పదిలక్షల డాలర్లు దాటాల్సిందే. ఇక్కడ గోడ కంటికి కనపడదు. ధరే గోడ.

నేను పుట్టింది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగ్గూడెంలో. గూడెం పల్లంలో ఉండేది. ఊళ్ళో మురుగంతా మా గుడిసెల మధ్యనుంచే పోయేది. వానొస్తే పొయ్యి మంచమ్మీదికెక్కేది. నాకు పదేళ్ళప్పుడు, 1985 జులై 17న, కారంచేడు జరిగింది. మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బక్కెట్టు కడగొద్దన్నందుకు కమ్మ భూస్వాములు ఊరిమీదపడి ఆరుగుర్ని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాలొచ్చి శిబిరం పెట్టుకున్నారు, మళ్ళీ ఆ ఊరికి పోకుండా అక్కడే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ వారమంతా మా అమ్మ మమ్మల్ని చెరువు వైపు పోనివ్వలేదు. నీళ్ళు తనే తెచ్చింది, చీకటిపడ్డాక.

నీళ్ళూ మురుగూ మన దేశపు గొడవేననుకునేవాణ్ణి. ఫ్రీమాంట్‌కి ఆనుకుని మిల్పీటాస్ అని ఇంకో ఊరుంది. 1955లో ఫోర్డ్ కంపెనీ తన కార్ల ఫ్యాక్టరీని రిచ్మండ్ నుంచి అక్కడికి మార్చింది. తెల్ల కార్మికులు ఫ్యాక్టరీ వెంటే వచ్చి ఇళ్ళు కొనుక్కున్నారు. నల్ల కార్మికులకి ఎవరూ అమ్మలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంతే. అందరికీ అమ్మే కాలనీ ఒకటి కడదామని వాళ్ళ యూనియనూ, క్వేకర్లూ కలిసి పూనుకుంటే, మురుక్కాలవలో కలుపుకోడానికి కట్టాల్సిన రుసుముని అధికారులు ఒక్కసారిగా పదింతలు చేశారు. నల్లవాళ్ళు రాకూడదని ఆ కాగితమ్మీద ఎవరూ రాయలా. మురుక్కాలవ రుసుమని రాశారు. కార్మికులు వదల్లేదు. చివరికి సన్నీహిల్స్ కాలనీ నిలబడింది. ఆ పోరాటంలో ముందున్న నల్ల కార్మికుడు బెన్ గ్రాస్ 1966లో ఆ ఊరికే మేయరయ్యాడు.

అది చదివిన రోజు నాకు మా గూడెం మురుక్కాలవ గుర్తొచ్చింది. మురుగు ఎటు పారాలో, ఎవరి మురుగు ఎవరి కాలవలో కలవాలో చెప్పే అధికారమే ఊరంటే.

ఇంకో సంగతి. ఇళ్ళ అమ్మకంలో జాతి చూడకూడదని కాలిఫోర్నియా 1963లో చట్టం చేసింది. మరుసటేడే జనం ఓట్లేసి దాన్ని కొట్టేశారు. నూటికి అరవై అయిదుమంది, నా ఇల్లు నా ఇష్టం అన్నారు. ఆ ఓటు చెల్లదని 1967లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. ఎక్కువమంది ఒప్పుకుంటే న్యాయమైపోదని మనకెవరూ కొత్తగా చెప్పక్కర్లా. ఊరంతా ఒకటయ్యే గదా మనల్ని వెలేసేది.

ఇప్పుడు నా వీధి సంగతి. మా వీధి చివర ఖాళీ జాగాలో తక్కువ ఆదాయం వాళ్ళకి అపార్ట్‌మెంట్లు కడతారని తెలిసింది. వారం తిరక్కుండా వద్దని సంతకాలు పెట్టించుకుంటూ ఒకాయన వచ్చాడు. మన తెలుగాయనే. కార్లెక్కువవుతాయన్నాడు, బళ్ళో పిల్లలెక్కువవుతారన్నాడు, ఇళ్ళ ధరలు పడిపోతాయన్నాడు. చివరికి అసలు మాటన్నాడు.

“ఎలాంటివాళ్ళొస్తారో తెలీదు గదండీ.”

“నేను పెట్టనండీ.”

“మీకూ పిల్లలున్నారు గదా?”

“ఉన్నారండీ. నేనూ ఎలాంటివాణ్ణో తెలీకుండానే వచ్చాగా.”

నవ్వి, “మీదే ఊరన్నారు?” అన్నాడు. ఆ ప్రశ్న నాకు కొత్తకాదు. జిల్లా చెప్తే మండలం, మండలం చెప్తే ఇంటిపేరు. ఊరు చెప్పాను. “ఊళ్ళో ఎక్కడ?” అన్నాడు. “మాదిగ్గూడెం” అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. ఆ తర్వాత వాళ్ళింట్లో వ్రతాలకి, పుట్టిన్రోజులకి మాకు పిలుపులు రాలేదు.

“సంతకం పెట్టకపోతే పెట్టకపోయావు, గూడెం పేరెందుకెత్తావు?” అంది నా భార్య. ఆమె భయం ఉత్తిది కాదు. ఆయన స్నేహితులే నా ఆఫీసులో పైవాళ్ళు. మా వైపునుంచి ఎన్నికైన సెనెటర్ ఆయిషా వహాబ్ కుల వివక్షని నిషేధించే బిల్లు తెచ్చింది. రెండు సభలూ ఒప్పుకున్నాయి. ఉన్న చట్టాలే చాలంటూ 2023 అక్టోబరు 7న గవర్నరు దాన్ని తిప్పికొట్టాడు. ఉన్న చట్టాలు చాలితే నా భార్య వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడాల్సిన పనేంటి?

మనం బాగుపడ్డం నేరంకాదు. మిద్దెలో పడుకునే హక్కు, మంచి బడికి పిల్లల్ని పంపే హక్కు మనకీ ఉంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ మన ఊరి బండారమంతా బయటపెట్టాడు. ఊళ్ళొదిలి పొమ్మని మనకి చెప్పాడు. పోయినచోట ఇంకో ఊరు కట్టమని మాత్రం చెప్పలా.

డబ్బు గోడా కులం గోడా ఒకటికాదని నాకు తెలుసు. డబ్బు గోడకి తలుపుంది. నేను దాన్లోంచే వచ్చాను. కులం గోడకి తలుపు పెట్టలేదు. మరి నా ఇంటి ధర అంత ఎందుకుంది? నేను కట్టిన ఇటుకల వల్ల కాదు. నా ఆఫీసులో నేలతుడిచే మెక్సికో ఆడమనిషి, హోటల్లో గిన్నెలు తోమే కుర్రాడు ఇక్కడ ఉండలేక రోజూ రెండుగంటలు ప్రయాణంచేసి వస్తున్నారు గనక. వాళ్ళ చెయ్యి కావాలి, వాళ్ళ ఇల్లు పక్కన వద్దు. మా అమ్మకీ ఊరిచ్చిన చోటు అదే: నాట్లకి రావాలి, చీకటిపడితే గూడెం పోవాలి. ఆ లెక్కన నా ఇంటి విలువలో కొంతభాగం ఎవరినో బయటుంచినందుకు నాకు ముట్టే కూలి. నేను అడక్కపోయినా ముడుతుంది. అది పెరగాలని సంతకం పెట్టడం మాత్రం నా చేతిలో పని.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీరు కోకాపేటలోనో, ఇక్కడో ఇళ్ళు కొంటారు. కొనండి. మీ తలుపూ ఎవరో ఒకరు తడతారు. ఆయన మర్యాదగానే మాట్లాడతాడు. కులం పేరెత్తడు. ట్రాఫిక్ అంటాడు, మురుగంటాడు, శుభ్రతంటాడు, పిల్లల భవిష్యత్తంటాడు. ఆ మాటల్ని మన అమ్మా నాయనల చెవులతో వినండి. వాళ్ళు అడిగింది ఊళ్ళో మనకో ఇల్లు కాదు. ఊరూ, వాడా అని రెండు లేకుండా పోవాలని.