గళ్లలో రాసినవి

మా అమ్మ రామకోటి పుస్తకంలో పేజీ నిండా గళ్లు ఉండేవి. ఒక్కో గడిలో ఒక్క శ్రీరామ. రాత్రి అన్నాలయ్యాక రొంపిచెర్లలో మా పంచలో చాప పరుచుకుని, బల్బు కింద కూర్చుని రాసేది. అదే వెలుగులో ఎదురుగా కూర్చుని నేను గ్రాఫ్ పేపరు మీద గళ్లు నింపేవాణ్ణి. అది 1988 ఎండాకాలం. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. "ఏందిరా అయ్యా, నువ్వు కూడా రామకోటి మొదలుపెట్టావా?" అని అడిగిందొక రాత్రి.

నేను నింపుతున్నది ఒక పిట్ట బొమ్మ. హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ మా బాబాయి కొని తెచ్చిన ఇంగ్లండు పత్రికలో ఉంది ఆ పిట్ట. కంప్యూటర్ ఆటల పత్రిక అది. పిట్ట బొమ్మ మాత్రం అందులో ఎక్కడా లేదు, అంకెలే ఉన్నాయి.

ఆ కాలపు పత్రికల సంగతి ఈనాటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. 1982 ఏప్రిల్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటర్‌ను 125 పౌండ్లకు విడుదల చేసింది. ఇంట్లో టీవీకి తగిలించుకోవచ్చు. అంతకు కొన్ని నెలల ముందే, 1981 నవంబరులో, 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' పత్రిక మొదలైంది. ఆటను క్యాసెట్‌లో నింపి పంచాలంటే ఖర్చు, కాగితం చవక. అందుకని ఆట మొత్తాన్నీ బేసిక్ భాషలో వరుస నంబర్లతో అచ్చువేసేవాళ్లు. పాఠకుడు చూసి ఒక్కో వరుసా కీబోర్డు మీద కొట్టుకోవాలి. గంటల పని. వాళ్లలో చాలామందికి తాము కొడుతున్నదేమిటో తెలియదు. అయినా తప్పు లేకుండా కొడితే ఆట నడిచేది.

నాకు కంప్యూటరే లేదు. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద కొన్ని బళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ బళ్లలో మాది లేదు. నా దగ్గర ఉన్నవి ఆ పత్రిక, శంకరనారాయణ నిఘంటువు, అరదస్తా గ్రాఫ్ పేపరు. స్పెక్ట్రమ్‌లో మనం గీసుకునే బొమ్మకు ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది గళ్లు. ఒక్కో వరుసను ఒక్క అంకెతో చెబుతారు. ఎడమ నుంచి గళ్ల విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. 24 అని ఉంటే 16, 8 గళ్లు నింపాలి, అంటే నడిమి రెండూ. ఇది అర్థమైన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. అప్పటిదాకా నోటికి కూడా పట్టని అంకెల్లోంచి ముక్కు వచ్చింది, రెక్క వచ్చింది.

ఆ రాత్రులే నాకొక ప్రశ్న పుట్టింది. అర్థం తెలియకుండా రాసిన అక్షరం ఫలిస్తుందా?

ఇది చాలా పాతదని తర్వాతెప్పుడో తెలిసింది. వేదంలోని మాటలకు అర్థం చెప్పే తన నిరుక్తంలో యాస్కుడు కౌత్సుడనే ఆయన వాదాన్ని ప్రస్తావిస్తాడు. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడి వాదన. మంత్రంలో మాట తీసి అదే అర్థమున్న వేరే మాట పెట్టడానికి లేదు, వరుస మార్చడానికి లేదు, కాబట్టి అక్కడ పని చేసేది అర్థం కాదు అంటాడు. యాస్కుడు ఒప్పుకోడు. మామూలు మాటల్లో కూడా మార్చకూడని వరుసలున్నాయి, అంతమాత్రాన అవి అర్థం లేనివి కావు కదా అని ఎదురు చెబుతాడు. కౌత్సుడి మాట చదివినప్పుడు నాకు ఆ పత్రిక పేజీలే కళ్ల ముందుకొచ్చాయి. అక్కడా అంతే, ఒక మాటకు బదులు దానికి సమానమైన మాట పెడితే యంత్రం కదలదు.

అక్షరం తప్పితే ఏమవుతుందో మనవాళ్లకు బాగా తెలుసు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేసిన త్వష్ట 'ఇంద్రశత్రు' అనే మాటలో స్వరం ఒకచోట పెట్టబోయి ఇంకోచోట పెట్టాడు. మాట తలకిందులై, ఆ కొడుకు వృత్రుడే ఇంద్రుడి చేతిలో చచ్చాడు. ఆ భయంతోనే క్రమం, జట, ఘనం అంటూ పదాలను ముందుకీ వెనక్కీ అల్లి చెప్పుకుంటూ వేదాన్ని కాపాడారు. పత్రికలవాళ్లకూ అదే బాధ. అమెరికాలో 'కంప్యూట్స్ గెజిట్' 1983లో ఒక చిన్న ప్రోగ్రాం ఇచ్చింది. వరుస కొట్టగానే తెర మీద ఒక సంఖ్య వస్తుంది, అది అచ్చులో ఉన్న సంఖ్యతో కలవకపోతే ఆ వరుసలో తప్పున్నట్టు.

అయితే వాల్మీకి కథ చెప్పింది కూడా మనవాళ్లే. మరా మరా అంటూ కూర్చున్న బోయవాడికి అది రామనామమే అయింది. త్వష్టకు దొరకని క్షమ ఆ బోయవాడికి ఎలా దొరికింది?

అమ్మనే అడిగాను. నిద్ర తూగుతూ రాసినప్పుడు ఆమె గళ్లలో దీర్ఘాలు ఎగిరిపోయేవి. "తప్పు రాస్తే రాముడు ఒప్పుకుంటాడా అమ్మా?" "ఆయనేమన్నా మీ బళ్లో అయ్యవారా, ఎర్ర సిరాతో కొట్టెయ్యడానికి? నేనేం రాయబోయానో ఆయనకు తెలవదా?" అంది, తల ఎత్తకుండానే.

నా పిట్టకు కాళ్లు రాలేదు. కాళ్లుండాల్సిన చోట ఎడమ అంచున ఒకే ఒక్క గడి నిండింది. ఆ తర్వాత గీసిన బొమ్మలన్నీ చెడ్డాయి, ఒకదాని తల ముందుదాని పాదాల్లోకి వచ్చింది. ఎనిమిది బొమ్మలకు 64 అంకెలుండాలి. లెక్కపెడితే 63. మూడు రోజులు అదే పనిగా చూశాను. కల్లంలో మిరపకాయలకు కాపలా ఉన్నప్పుడూ కాగితం చేతిలోనే ఉంది. అప్పుడు తట్టింది, 128 అని ఉన్నచోట 12, 8 ఉండాలి. నడుమ కామా అచ్చులో రాలిపోయింది. కామా పెట్టగానే పిట్ట కాళ్ల మీద నిలబడింది, వెనకున్న బొమ్మలన్నీ ఎవరి తలలు వాళ్లు తీసుకున్నాయి. ఇలాంటి తప్పులకు సవరణ తర్వాతి నెల సంచికలో వేసేవాళ్లు. ఆ సంచిక రొంపిచెర్లకు ఎలా వస్తుంది?

యంత్రానికే ఇచ్చి ఉంటే అంకెలు చాలలేదని చెప్పి ఆగిపోయేది. కావాల్సింది పిట్ట అని దానికి తెలియదు. నేను చదివింది రాసిన అంకెను కాదు, రాయబోయిన అంకెను. ఎక్కడో ఇంగ్లండులో, నేనెన్నడూ చూడని మనిషి మనసులో ఉన్న పిట్టను. అయితే అది చదవగలిగింది 63 అంకెలనూ ఒక్కటీ వదలకుండా గళ్లలోకి ఎక్కించినందువల్లే. అమ్మ తన రాముడి గురించి చెప్పింది ఇదేనని నా నమ్మకం. క్షమించేవాడు అక్షరాన్ని పట్టించుకోనివాడు కాదు, అందరికంటే శ్రద్ధగా చదివేవాడు. 'మరా'లో 'రామ'ను విన్నవాడు ఎంత దగ్గరగా వినాలి!

రెండేళ్ల తర్వాత దుబాయ్ నుంచి వచ్చిన ఒక బంధువు ఇంట్లో స్పెక్ట్రమ్ మీద ఆ ఆట కొట్టాను, నా కామాతో సహా. తెర మీద పిట్ట కదిలింది. సంతోషమే. కానీ ఆ పిట్ట నాకు కొత్తది కాదు, ఆ పంచలో ఎప్పుడో చూసేశాను. ఆ తెరకు అడ్డం 256, నిలువు 192, మొత్తం 49,152 చుక్కలు. రోజుకు వెయ్యి చొప్పున రాస్తే కోటి నామాలకు 27 ఏళ్లకు పైన పడుతుంది. ఆ లెక్కన మా అమ్మ 50 రోజుల్లో ఆ తెర నింపేసేది.

అమ్మ కోటి పూర్తి కాలేదు. చివరి పుస్తకంలో చెయ్యి వణికింది. కొన్ని గళ్లలో 'శ్రీ' ఒక్కటే ఉంది, కొన్నింట్లో ఒక గీత మాత్రమే. ఆమె పోయాక ఒక రాత్రి పెన్ను తీసుకుని ఆ పుస్తకం ముందు కూర్చున్నాను. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేజీలో అంత ధైర్యంగా కామా పెట్టినవాణ్ణి, ఇక్కడ ఒక్క 'రా' రాయలేకపోయాను. పుస్తకాన్ని ఎట్లా ఉన్నదట్లా గుడ్డలో చుట్టి, భద్రాచలం తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను.