విషవైద్యమును కర్మసిద్ధాంతమును

మధిర ప్రాంతమున మిరపచేలకు మందుకొట్టు కాలము వచ్చినదనిన, ఏ పశువుల కొట్టమున చూచినను పురుగుమందు డబ్బా యొకటి కంటబడుచునే యుండును. అప్పు తీరక మనసు విరిగిన గడియలో ఆ డబ్బాయే చేతికందును. ‘మందు తాగినాడట’ అను మాట వెంబడి ‘వాని కర్మ’ అను మాటయు ఊర వినబడును. ఈ రెండవ మాటయే విచారింపదగినది.

తన దుఃఖమును తాను ధైర్యముతో భరించుటకై మనిషికి చెప్పబడిన కర్మసిద్ధాంతమును, ఎదుటివాడు నేలపై గిలగిల కొట్టుకొనుచుండగా చేతులు కట్టుకొని చూచుటకు అనుజ్ఞగా గ్రహించుట శాస్త్రమున కపచారము. వాని పూర్వకర్మ మనకు తెలియదు. ఆ క్షణమున మనము చేయవలసిన కర్మ తెలియును. ఎందుకు తాగితివని వైద్యుడు మొదట అడుగడు. ఏమి తాగినాడు, ఎప్పుడు తాగినాడు అని అడుగును. సూదిమొనవలె కుంచించుకొనిన కనుపాపలను, నోటి నురుగును చూచి, అట్రోపిన్ ఎక్కించి, ఐదేసి నిమిషములకు మోతాదు రెట్టించుచు, రొమ్ములోని గురగుర అణగువరకు మంచము విడువడు. ఇంటివారు ఉప్పునీళ్లు పోసి కక్కించిన, విషము ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును; వెంటనే 108కి ఫోను చేసి, రోగిని ఒక ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, ఆ డబ్బాను వెంట కొనిపోవలెను.

అమెరికాదేశమున హెరాయిన్, ఫెంటానిల్ వంటి మత్తులు మితిమీరినవారి కనుపాపలును ఇట్లే కుంచించుకొనును. ఊపిరి మందగించి ఆగిపోవును. అచట 1971లో అనుమతి పొందిన నలోక్సోన్ అను ఔషధమును నేడు ముక్కున చిమ్ముచున్నారు. అది మెదడులో ఆ మత్తును దాని స్థానమునుండి తొలగించి, కొలది నిమిషములలో శ్వాసను మరల ఆడించును. దాని బలము అరగంట మొదలు గంటన్నర వరకే గనుక, దేహమున మిగిలిన మత్తు మరల పైకొనవచ్చును. కావున లేచి కూర్చున్నవానిని విడిచిపోరాదు. అట్లు లేచినవాడు వాంతితో, వణకుతో, కోపముతో మనపైననే విరుచుకొని పడవచ్చును. ఫలాపేక్ష లేని కర్మకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు తోచదు.

బ్రతికించుకొలది వ్యసనము పెరుగునని ఆక్షేపించువారు ఆదిపర్వమున కచుని కథను స్మరింపవలెను. కల్లో సారాయో తాగినవానిని ఈసడించు మనము, సురలో కలసిన కచుని భస్మమును తానే తాగిన శుక్రాచార్యుని మరతుము. కచుడు వెలువడిన తన ఉదరము చీలునని యెరిగియు, శుక్రుడు వానికి మృతసంజీవనిని ఉపదేశించి బ్రతికించెను. వానిచే తాను మరల ప్రాణము పొందిన పిమ్మటనే సురాపానమును నిషేధించెను. ఆ క్రమమును తలక్రిందులు చేయు అధికారము మనకెవ్వరిచ్చిరి?

ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవ్యథలో నున్నవాడని భావించి, శిక్షింపక ఆదరింపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. అయినను పోలీసు కేసగునను భయమున, ‘కడుపునొప్పి’ అని వైద్యునితో అబద్ధమాడు బంధువులు నేటికిని కలరు. వారి భయమును నేను నిందింపను. కాని ఆ అబద్ధముతో గడచిన నిమిషములు రోగివే.