యతీం ఎవరి బిడ్డ?

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నూటికి ఒక్కరు కూడా ముస్లింలు లేరు. హైదరాబాదులోనో కర్నూలులోనో మా ఊరి పేరు చెబితే 'అక్కడ కూడా సాయిబులున్నారా?' అని అడుగుతారు. ఉన్నాం. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించిన నాటి నుంచీ ఉన్నాం. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే కళింగాంధ్ర తెలుగు. రెండూ మావే.

ఇంత కొద్దిమందిమి గనక ఒక్కో బిడ్డ మీదా మాకు వెయ్యి కళ్లు. ఒక ఇంట్లో తండ్రి చనిపోతే జమాత్ పెద్దలు పోగవుతారు. పిల్లల్ని ఎవరు చూస్తారన్న మాటతో మొదలై, కాసేపట్లోనే పిల్లలు ఎవరి చేతుల్లోకి పోతారన్న మాటగా మారిపోతుంది. పైకి రెండూ ఒకలాగే వినిపిస్తాయి. మొదటి మాటలో బిడ్డ ఆకలి ఉంది, చదువుంది. రెండో మాటలో మన భయం ఉంది. ఈ రెండింటి తేడా తేలకపోతే పిల్లల గురించి మనం ఎంత మాట్లాడినా అది మన గురించి మాట్లాడుకోవడమే అవుతుంది.

యతీం అంటే యుక్తవయసు రాకముందే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ. ఆ నిర్వచనంలో బిడ్డ మతం లేదు. తండ్రి లేకపోవడం ఒక్కటే అర్హత. ప్రవక్త మహమ్మద్ స్వయంగా యతీం. పుట్టకముందే తండ్రి అబ్దుల్లా పోయారు. ఆరేళ్లకు తల్లి ఆమినా, ఎనిమిదేళ్లకు తాత అబ్దుల్ ముత్తలిబ్ పోయారు. పాలిచ్చి పెంచింది ఎడారి పల్లెకు చెందిన హలీమా. ఆపైన పెదతండ్రి అబూ తాలిబ్ చేరదీశారు. ఆ బిడ్డను ఎత్తుకున్న చేతులకు అప్పటికింకా ముస్లిం అన్న పేరు లేదు. ఈ చిన్న సంగతి మన మిలాద్ సభల్లో ఎంత వివరంగా చెబుతారో, మన యతీంఖానాల గుమ్మం దగ్గర అంత సులువుగా మరిచిపోతాం.

ఖురాన్‌లో యతీంల గురించి ఎక్కువగా వచ్చేది జాలి మాటలు కావు, లెక్క మాటలు. నిసా సూరాలో రెండో ఆయత్ యతీంల ఆస్తిని మన ఆస్తిలో కలిపేసుకుని తినొద్దంటుంది. ఆరో ఆయత్ ఇంకా ముందుకు పోతుంది. బిడ్డ ఎదిగి బుద్ధి తెలిసినవాడయ్యాక అతని ఆస్తి అతనికి అప్పగించమంటుంది, అప్పగించేటప్పుడు సాక్షుల్ని పెట్టుకోమంటుంది. పెంచినవాడు ఎంత మంచివాడైనా సాక్షులు ఉండాల్సిందే. అంటే బిడ్డ మన మిల్కియత్ కాదు, అమానత్. మిల్కియత్‌కు యజమాని ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. అమానత్‌కు చెప్పాలి. ఎవరికి? జమాత్‌కా, సర్కారుకా, దాతలకా? ఆయత్ చూపిస్తున్నది ఆ బిడ్డనే. హిసాబ్ అడిగే హక్కు అతనిది.

ఈ ప్రశ్నను మా జిల్లాలోకి తెచ్చి చూద్దాం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని ఉద్దానంలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషుల్ని తీసుకుపోతోంది. కొబ్బరి తోటల్లో, జీడితోటల్లో కూలి చేసుకునే నడివయసు మనుషులు డయాలసిస్ మంచాల మీద తెల్లారిపోతున్నారు. కారణం శాస్త్రవేత్తలకు ఇంకా పూర్తిగా అంతుచిక్కలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. రోగికి మంచం దొరికింది, మంచిదే. రోగి పోయాక ఇంట్లో మిగిలిన గుంటల మాటేమిటి? బడి మానేసి జీడిపప్పు పనికో, తల్లి వెంట వలసకో పోయే ఆ పిల్లలు ఖురాన్ చెప్పిన అర్థంలో యతీంలు కారా? వాళ్లలో ముస్లింలు ఎందరున్నారని లెక్కవేసుకుని మన జకాత్ పెట్టె మూత తీస్తామా? జకాత్ ఎవరికి చెందుతుందన్న దాని మీద ఫిఖ్‌హ్ పండితుల మాట వాళ్లకుంది. సదఖాకు మాత్రం ఆ అడ్డు లేదు. మనసుకే ఉంది.

లెక్క అన్నాం గనక విజయనగరాన్ని తలుచుకోక తప్పదు. 'కన్యాశుల్కం' నాటకం 1892లో అక్కడే ఆడారు. 1897లో అచ్చయిన ప్రతికి గురజాడ అప్పారావు ఇంగ్లీషులో ముందుమాట రాశారు. అందులో ఒక జాబితా ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితాను మహారాజా ఆనంద గజపతి తయారు చేయించారు. మొత్తం 1034 పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పాపలు ముగ్గురు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడతారు గనక ఈ జాబితా కూడా పూర్తిది కాదని ఆయనే రాశారు.

గిరీశం గురించి, మధురవాణి గురించి మనవాళ్లు పుస్తకాలకు పుస్తకాలు రాశారు. మాకు మాత్రం ఆ ముగ్గురు ఏడాది పాపలే గుర్తుండిపోయారు. గురజాడ బయటివాడు కాదు. తన కులం ఇళ్లలో జరిగే సంగతిని, తన కులం పెద్దలు దాచుకునే సంగతిని, అందరూ చదివేలా అంకెల్లో పెట్టారు. పరువు పోతుందని ఆగలేదు. కులం పరువు ఒక పళ్లెంలో, ఏడాది పాప బతుకు ఒక పళ్లెంలో పెడితే ఏది బరువో ఆయనకు తెలుసు. పిల్లల తరపున మాట్లాడటమంటే ఇదే. ముందు లెక్క తియ్యాలి, తర్వాత మనవాళ్ల మొహం మీదే ఆ లెక్క చదవాలి.

మా కౌంలో అలాంటి లెక్క చదవాల్సిన రోజు వచ్చింది. 1991 ఆగస్టులో ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న పదేళ్ల హైదరాబాదు పాతబస్తీ పిల్లను ఒక ఎయిర్ హోస్టెస్ గమనించింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల అరబ్బు షేక్ ఆ పిల్లకు మొగుడు. ఆమెను కొంతకాలం ప్రభుత్వ గృహంలో పెట్టారు, కోర్టులు నడిచాయి. దేశమంతా మాట్లాడింది. ఒక పక్క, ఆ పిల్లను అడ్డం పెట్టుకుని మొత్తం ముస్లిం జాతిని తిట్టినవాళ్లు. మరో పక్క, మా షరియత్ జోలికి రావద్దని గోడ కట్టినవాళ్లు. ఆ గోలలో పేదరికం గురించి మాట్లాడినవాళ్లు కొద్దిమంది. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లను అడిగినవాళ్లు ఇంకా కొద్దిమంది. 1034 పెళ్లిళ్లను చూసి బ్రాహ్మణ జాతి మొత్తం రాక్షసులని ఎవరూ అనలేదు. సంస్కరణ అవసరం అన్నారు. మా ఇంట్లో అదే జరిగితే సంస్కరణ మాట వెనక్కి పోయి శిక్ష మాట ముందుకొస్తుంది. మా పెద్దలు నోరు మూసుకోవడానికి ఈ అన్యాయం ఒక సాకయింది. కారణమని మేం కూడా అంటాం. కానీ ఆ కారణం పదేళ్ల పిల్లకు చెప్పి చూడండి, ఆమెకు అది సరిపోతుందేమో!

హౌరా-చెన్నై రైలు మార్గం మా రెండు జిల్లాల మీదుగానే పోతుంది. పలాసలో, శ్రీకాకుళం రోడ్డులో, విజయనగరంలో ఆగే బళ్లలో పని కోసమో చదువు కోసమో దక్షిణాదికి పోయే పేద పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో దళారి చేతిలో పడినవాళ్లూ ఉంటారు గనక పోలీసు కన్ను వెయ్యాల్సిందే. అయితే ఆ కన్ను తలమీద టోపీ చూడగానే ఎలా మారుతుందో వేరే లైన్లలో చూశాం. 2014 మేలో బీహార్, జార్ఖండ్, బెంగాల్ నుంచి కేరళ యతీంఖానాలకు వెళుతున్న దాదాపు 600 మంది పిల్లల్ని పాలక్కాడ్ స్టేషన్లో దించి, మనుషుల అక్రమ రవాణా అని కేసు పెట్టారు. ఉచిత చదువు కోసం తెచ్చినవాళ్లే తప్ప ఇందులో అక్రమ రవాణా లేదని తర్వాత సీబీఐ తేల్చింది. 2023 మేలో దానాపూర్-పూణే రైల్లో 59 మంది బీహారు పిల్లలు మహారాష్ట్రలోని మదర్సాకు పోతుంటే భుసావల్, మన్మాడ్‌లలో దించేశారు. వెంట ఉన్న ఐదుగురు మదర్సా మనుషులు నాలుగు వారాలు జైల్లో ఉన్నారు. 2024 మార్చిలో పోలీసులే కేసు మూసేశారు.

కాపాడటం, అనుమానించడం ఒకటే యూనిఫాం వేసుకుని వస్తే బిడ్డకు తేడా ఎలా తెలుస్తుంది? తన ఉస్తాద్‌కు బేడీలు వెయ్యడం చూసిన పిల్లవాడు రేపు నిజంగా దళారి చేతిలో పడితే ఏ పోలీసును పిలుస్తాడు? లౌకిక మిత్రుల్ని మేం అడిగేది ఇదే. మా పిల్లల్ని కాపాడే చట్టం అందరి పిల్లల్నీ కాపాడే చట్టమే కావాలి. మా దగ్గరికొచ్చినప్పుడు మాత్రమే దానికి కోరలు మొలవకూడదు.

ఇంతవరకూ చదివి మావాళ్లు తలూపుతుంటారు. ఇప్పుడు చెప్పేది వాళ్లకు. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అండ అవసరమైన పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా నమోదు కావాలి, అది సర్కారుదైనా, స్వచ్ఛంద సంస్థదైనా, ఏ మతానిదైనా. దీన్ని మా దీన్ మీద దాడి అన్నవాళ్లున్నారు. నిసా సూరా సాక్షుల్ని పెట్టుకోమంది గదా! మంచం మంచానికీ పిల్లలు ఎందరు, వంటింట్లో ఏం వండారు, రాత్రి కాపలా ఎవరు, జ్వరమొస్తే ఏ డాక్టరు, కొట్టినవాడి మీద ఎవరికి చెప్పుకోవాలి అని అడిగే మనిషి సాక్షి కాక మరెవరు? సాక్షిని వద్దనేవాడు అమానత్‌ను మిల్కియత్ చేసుకున్నవాడు. ఇంకో సంగతి. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లి ఉంటుంది, కొందరికి ఇద్దరూ ఉంటారు. ఇంట్లో బియ్యం ఉండవు, అంతే. తల్లిని అడిగితే 'నా గుంటడు కడుపునిండా తింటాడని అంపేసినాను బాబూ' అంటుంది. ఆ తల్లికి నెలకింత అందిస్తే పిల్లవాడు ఆమె ఒళ్లోనే ఉంటాడు. అలా ఇచ్చినప్పుడు దాత పేరు రాతిఫలకం మీద పడదు. అందుకే మన ఖైరాత్ తల్లుల దగ్గరికి పోదు, భవనాల దగ్గరికి పోతుంది.

బడి సంగతి కూడా చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం నుంచి 2012 సవరణలో మదర్సాలనూ వేద పాఠశాలలనూ మినహాయించారు. మన నాయకులు దాన్ని గెలుపు అనుకున్నారు. 2006లో సచార్ కమిటీ ఏం చెప్పింది? బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేది నూటికి ముగ్గురో నలుగురో. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లలో అసలు బడి మొహం చూడనివాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు కలిపి నూటికి 25 మంది. మదర్సా గురించి అరిచేవాళ్లకూ, మదర్సా కోసం అరిచేవాళ్లకూ మధ్య ఈ 25 మంది సైకిల్ షాపులో, టీకొట్టులో, వెల్డింగు షెడ్డులో కనిపించకుండా ఉండిపోయారు.

దత్తత మాట వచ్చినప్పుడూ ఇదే. 2014 ఫిబ్రవరిలో షబ్నం హష్మీ కేసులో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతం వాళ్లయినా దత్తత తీసుకోవచ్చు, వద్దనుకునేవాళ్లను బలవంతం చెయ్యదు అంది. పర్సనల్ లా బోర్డు మాకు కఫాలా ఉంది, దత్తత లేదని వాదించింది. కఫాలా అంటే బిడ్డను పెంచడం, కానీ అతని కన్నతండ్రి పేరు చెరిపెయ్యకపోవడం. ఇందులో ఒక గొప్ప న్యాయం ఉంది. నువ్వెవరి బిడ్డవో తెలుసుకునే హక్కు నీది, దాన్ని ప్రేమ పేరుతో కూడా ఎవరూ లాక్కోకూడదు. 1989 ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడిక 20వ అధికరణం కఫాలాను పేరు పెట్టి చెప్పింది. 1992లో భారతదేశం ఆ ఒడంబడికలో చేరింది. సరే, కఫాలా మన దగ్గరుంది. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఉంది? కోర్టులో వాదించిన కఫాలాను ఇంట్లో పాటించకపోతే అది పిల్లలకు తలుపు మూసే గడియ మాత్రమే.

మీరు ఇంత కొద్దిమంది గదా, పిల్లల్ని ఇలా లెక్కల్లోకీ చట్టాల్లోకీ వదిలేస్తే మీ భాష, మీ దీన్ ఏమవుతాయని అడిగేవాళ్లుంటారు. ఆ భయం మాకూ ఉంది. తెలుగు మీడియం బడిలో చదివి అలీఫ్ బే కూడా రాని పిల్లల్ని చూస్తే మాకూ దిగులేస్తుంది. అదే ఒడంబడిక 30వ అధికరణం మైనారిటీ బిడ్డకు తన భాష, తన మతం హక్కు అంటుంది. ఆ హక్కు ఎవరిదో గమనించండి. బిడ్డది. 12వ అధికరణం తనకు సంబంధించిన విషయంలో బిడ్డ మాట వినమంటుంది. ఉర్దూ బిడ్డకు మనమిచ్చే జహేజు కావాలి, బిడ్డను కట్టేసే తాడు కాకూడదు. కడుపు నిండిన, చదువుకున్న, దెబ్బలు తినని బిడ్డ తన అమ్మీజాన్ భాషను ఎందుకు వదులుకుంటాడు?

అందుకని ఈ రంజాన్‌కు జమాత్‌లో జకాత్ లెక్క చదివేటప్పుడు ఇంకో లెక్క కూడా చదవమని అడుగుతున్నాం. మన మొహల్లాలో తండ్రి లేని పిల్లలెందరు? బడిలో ఎందరు, పనిలో ఎందరు? పక్క వీధిలో, పక్క ఊళ్లో, ఉద్దానంలో ఎందరు? గురజాడ 1034 దాకా లెక్కపెట్టి చెప్పారు. మన జమాత్‌లు వందలోపువే, పెద్ద కష్టం కాదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ వాళ్లు వచ్చి అడిగితే ఆ కాయితం దాచొద్దు. ఆ పిల్లలు పద్దెనిమిదేళ్లకు వచ్చి అడిగినా దాచొద్దు. అసలు హిసాబ్ వాళ్లకే చెప్పాలి.